ఇంగ్లీషులో ‘కాదు’ ఒక్కటి కాదు

కడుపు స్కానింగ్ చేయించుకుని, రిపోర్టు చేతిలో పట్టుకుని డాక్టరు గది బయట కూర్చున్నవాళ్లకి ఆ పది నిమిషాల టెన్షన్ ఎలా ఉంటుందో తెలుసు. కవరు విప్పి చూడకుండా ఉండలేరు. లివర్ ఎదురుగా ‘అన్‌రిమార్కబుల్’ అని ఉంటుంది. ప్యాంక్రియాస్ దగ్గర కూడా అదే మాట. ‘రిమార్కబుల్’ అంటే గొప్పది అని బడిలో చెప్పారు. ‘అన్’ చేరితే దానికి వ్యతిరేకం అనీ చెప్పారు. అంటే లివర్ బాగాలేదనేనా? గుండె ఝల్లుమంటుంది. నిజానికి ఆ రిపోర్టులో అంతకన్నా మంచి మాట ఉండదు. ‘రిమార్క్’ అంటే ప్రత్యేకించి చెప్పడం. ప్రత్యేకించి చెప్పాల్సిన తేడా ఏదీ కనబడలేదు, అవయవం మామూలుగానే ఉంది అని రేడియాలజిస్టు చెబుతున్న మాట అది.

తప్పు చదివినవాళ్లది కాదు, వ్యతిరేక పదాలు నేర్పే పద్ధతిది. గైడులో రెండు వరసల పట్టిక ఉంటుంది. ఎడమవైపు ‘హ్యాపీ’, కుడివైపు ‘అన్‌హ్యాపీ’. ఎడమవైపు ‘పాసిబుల్’, కుడివైపు ‘ఇంపాసిబుల్’. డీఎస్సీకి, గ్రూప్స్‌కి చదివేవాళ్లు అదే పట్టికను ఇంకాస్త పొడుగ్గా బట్టీ పడతారు. అన్, ఇన్, డిస్, నాన్, మిస్ అన్నిటికీ అర్థం ‘కాదు’ అనుకుని ముందుకు పోతారు. కానీ ఈ ప్రిఫిక్సుల్లో ఒక్కోటి ఒక్కోరకంగా కాదంటుంది. కాదు, లేదు, రాదు, వద్దు, కూడదు అని ఇన్ని తీర్ల కాదనే భాషలో పెరిగినవాళ్లకి ఆ తేడా తెలియజెప్పడం తేలిక. తెలుగు మీదుగా చెబితే చాలు.

ముందు చుట్టరికం సంగతి. ‘అన్’ ఇంగ్లీషు సొంత ఆస్తి, పాత ఇంగ్లీషు నాటి నుంచీ ఉంది. ‘ఇన్’ లాటిన్ నుంచి వచ్చింది. ‘ఎసింప్టమాటిక్’, ‘అనస్థీషియా’ లాంటి మాటల మొదట్లో ఉన్నది గ్రీకు ప్రిఫిక్సు. సంస్కృతం నుంచి తెలుగులోకి వచ్చిన ‘అధర్మం’, ‘అనర్హత’ మొదట్లో ఉన్నది ‘అ’, ‘అన్’. ఈ నాలుగూ తోబుట్టువులు. ఇండో యూరోపియన్ మూలభాషలోని ఒక్క చిన్న నకారం నుంచే అన్నీ పుట్టాయి. సంస్కృతంలో హల్లు ముందు ‘అ’, అచ్చు ముందు ‘అన్’ వస్తాయి కదా, గ్రీకులోనూ సరిగ్గా అదే నియమం.

ఒక్క మాటను దగ్గరగా చూస్తే ఈ చుట్టరికం ఎంత గట్టిదో తెలుస్తుంది. రోజూ పేపర్లో కనబడే ‘అజ్ఞాత వ్యక్తి’లోని అజ్ఞాత. ‘అ’ తీసేస్తే జ్ఞాత, అంటే తెలిసినవాడు. ఇంగ్లీషులో ‘అన్‌నోన్’. ఇక్కడ ‘నో’ని పలికేటప్పుడు వినిపించకపోయినా, రాసేటప్పుడు ముందు ఒక ‘కే’ రాయాలి. ఎందుకు రాయాలని పిల్లలు అడిగితే చాలామంది టీచర్లు అది సైలెంట్ అని వదిలేస్తారు. ఒకప్పుడు ఆ ‘కే’ని పలికేవాళ్లు. సంస్కృతంలో జ్ఞ, గ్రీకులో గ్నో, పాత ఇంగ్లీషులో క్న, అన్నీ ఒకే ధాతువు. అదే ధాతువుకి లాటిన్ ‘ఇన్’ తగిలితే ‘ఇగ్నోరెంట్’ వచ్చింది. గ్రీకు ప్రిఫిక్సు తగిలించి 1869లో థామస్ హెన్రీ హక్స్‌లీ ‘ఆగ్నాస్టిక్’ అన్న మాట తయారుచేశాడు. దేవుడు ఉన్నాడో లేడో తెలుసుకోవడం సాధ్యం కాదనేవాడని అర్థం. అజ్ఞాత, అన్‌నోన్, ఇగ్నోరెంట్, ఆగ్నాస్టిక్. నాలుగు భాషలు, అవే ఇటుకలు, అదే కట్టుబడి.

అమృతం కూడా అంతే. మృతం కానిది అమృతం. లాటిన్ దారిలో ‘ఇమ్మోర్టల్’. గ్రీకు పురాణాల్లో దేవతల ఆహారమైన ‘ఆంబ్రోసియా’ కూడా ఇదే మూలం నుంచి ఇదే పద్ధతిలో పుట్టింది. ‘అనార్కీ’కి అక్షరాలా అర్థం పాలకుడు లేకపోవడం. మన ‘అరాచకం’ అంటే రాజు లేకపోవడం. ఈ రెండో జతలో ధాతువులు వేరైనా ఆలోచన ఒక్కటే.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఇంగ్లీషులో ‘అన్’లు రెండు. చూడటానికి ఒకేలా ఉంటాయి కానీ పుట్టుక వేరు, పని వేరు. ‘అన్‌హ్యాపీ’లోది గుణం లేదని చెబుతుంది. మార్కెట్ యార్డులో హమాలీలు చేసే ‘అన్‌లోడింగ్’లోది అలా కాదు, అప్పటికే జరిగిన పనిని వెనక్కి తిప్పుతుంది. దీనికి చుట్టం గ్రీకు ‘యాంటీ’, అంటే ఎదురు. ఎక్కించిన సరుకు ఉంటేనే అన్‌లోడ్ చేయడం కుదురుతుంది. ఖాళీ లారీని ఎవరూ అన్‌లోడ్ చేయరు. అన్‌ప్యాక్, అన్‌మ్యూట్, అన్‌బ్లాక్ అన్నీ ఇదే రకం. ఫేస్‌బుక్ పుణ్యమా అని వాడుకలోకొచ్చిన ‘అన్‌ఫ్రెండ్’ని 2009లో న్యూ ఆక్స్‌ఫర్డ్ అమెరికన్ డిక్షనరీ ఆ ఏటి మాటగా ఎంచుకుంది. అన్‌ఫ్రెండ్ అంటే స్నేహితుడు కానివాడు కాదు, ఉన్న స్నేహితుణ్ణి జాబితాలోంచి తీసేయడం.

తెలుగులో ఈ పనికి ప్రిఫిక్సు అక్కర్లేదు. జతలు జతలుగా క్రియలే ఉన్నాయి. ముడి వేస్తాం, విప్పుతాం. బస్తా ఎత్తుతాం, దించుతాం. తాళం వేస్తాం, తీస్తాం. అందుకే ‘అన్‌లాకబుల్’ లాంటి మాట ఎదురైతే తెలుగువాళ్లు ఆగి ఆలోచించాలి. లాకబుల్ ముందు ‘అన్’ పెట్టారనుకుంటే తాళం వేయడం కుదరని తలుపు. అన్‌లాక్ వెనక ‘ఏబుల్’ పెట్టారనుకుంటే తాళం తీయగలిగిన తలుపు. ఒకటే స్పెల్లింగు, రెండు అర్థాలు. ఏది సరైనదో చుట్టూ ఉన్న వాక్యమే చెప్పాలి.

‘ఇన్’ దగ్గర అందరినీ తికమకపెట్టేది అది వేషాలు మార్చడం. ఇన్‌కరెక్ట్ అంటాం కానీ ఇన్‌పాసిబుల్ అనం. ఇంపాసిబుల్, ఇంబ్యాలెన్స్, ఇమ్మెచ్యూర్, ఇల్లీగల్, ఇర్రెగ్యులర్. దీన్ని నాలుగు వేరువేరు ప్రిఫిక్సులుగా నేర్పడం అనవసర శ్రమ. తెలుగు సున్నా చేసే పనే అది. ‘పందిరి’లో సున్నాని ‘న్’లా పలుకుతాం, ‘పంపు’లో ‘మ్’లా పలుకుతాం. రాత మారదు, తరవాతి అక్షరాన్ని బట్టి నోరు తనంత తానే సర్దుకుంటుంది. లాటిన్‌వాళ్ల నోరూ అలాగే సర్దుకుంది, వాళ్లు దాన్ని రాతలోనూ చూపించారు. ప, బ, మ ముందు పెదవులు మూతపడతాయి కాబట్టి ‘ఇమ్’. ల ముందు ‘ఇల్’, ర ముందు ‘ఇర్’. ఉత్, లంఘన కలిసి ఉల్లంఘన అయినట్టే ఇన్, లీగల్ కలిసి ఇల్లీగల్ అయింది. సంధి అంటే తెలిసినవాళ్లకి ఇందులో కొత్తగా బట్టీ పట్టాల్సిందేమీ లేదు.

మరి ‘అన్‌పాపులర్’ ఎందుకు ‘ఇంపాపులర్’ కాలేదు? ఇంగ్లీషు ‘అన్’కి సంధి పట్టదు, దేని ముందైనా అలాగే ఉంటుంది. ఏ మాటకి ‘అన్’, ఏ మాటకి ‘ఇన్’ అనడానికి నూటికి నూరుపాళ్లూ పనిచేసే సూత్రం లేదు కానీ, పుట్టిల్లు చూస్తే చాలావరకు దొరికిపోతుంది. ‘లీగల్’ లాటిన్ పిల్ల, కాబట్టి ఇల్లీగల్. ‘లా’ పాత ఇంగ్లీషు కాలం నుంచీ ఉన్న మాట, కాబట్టి అన్‌లాఫుల్. పేపర్లలో తరచూ కనబడే 1967 నాటి ఉపా చట్టం పేరులో ఉన్నది ఈ అన్‌లాఫుల్ అన్న మాటే. తెలుగులో చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం అంటున్నాం.

పరీక్షలు రాసేవాళ్లు మార్కులు పోగొట్టుకునే చోటు ఇంకొకటి ఉంది. విశేషణానికి ‘అన్’, దాని నామవాచకానికి ‘ఇన్’ రావడం. అన్‌ఈక్వల్, కానీ ఇనీక్వాలిటీ. అన్‌జస్ట్, కానీ ఇన్‌జస్టిస్. అన్ఏబుల్, కానీ ఇనెబిలిటీ. అన్‌స్టేబుల్, కానీ ఇన్‌స్టెబిలిటీ. నామవాచకాలు ఫ్రెంచి, లాటిన్‌ల నుంచి ‘ఇన్’తో సహా దిగుమతి అయ్యాయి. విశేషణాల దగ్గర మాత్రం ఇంగ్లీషు తన ‘అన్’నే ఖాయం చేసుకుంది. ఇంగ్లీషువాళ్లకీ దీనిలో తడబాటు ఉండేది. 1776 నాటి అమెరికా స్వాతంత్ర్య ప్రకటన ముసాయిదాలో జెఫర్సన్ రాసింది ‘ఇనేలియనబుల్’ హక్కులు అని. తుది ప్రతిలో అది ‘అనేలియనబుల్’ అయింది. అర్థం మారలేదు, ఎవరూ లాక్కోలేని హక్కులనే.

‘డిస్’ దగ్గరకొచ్చేసరికి కాదనడంలో కాస్త బలం కనబడుతుంది. తెంచడం, తొలగించడం, ఎదురుతిరగడం దీని స్వభావం. అన్‌క్వాలిఫైడ్ అంటే అర్హత లేనివాడు, ఆ చదువు చదవలేదంతే. డిస్‌క్వాలిఫైడ్ అంటే ఉన్న అర్హతను ఎవరో తీసేశారని. తెలుగు విలేఖరులు దీన్ని ‘అనర్హత వేటు’ అని రాయడం మొదలుపెట్టింది ఎవరో గానీ మంచి పని చేశారు. ఆ ‘వేటు’ అన్న మాటలో డిస్ బలమంతా ఉంది.

మన జాతీయోద్యమంలోనే దీనికి గొప్ప ఉదాహరణ ఉంది. 1920లో గాంధీజీ మొదలుపెట్టింది నాన్ కోఆపరేషన్. 1930లో మొదలుపెట్టింది సివిల్ డిసోబీడియన్స్. మొదటిదానిలో ‘నాన్’, రెండోదానిలో ‘డిస్’. మొదటిది పక్కకు తప్పుకోవడం. సర్కారు బడికి పోం, కోర్టుకు పోం, బిరుదులు పుచ్చుకోం. మేము లేకుండా నడుపుకో చూద్దాం అనడం. రెండోది చట్టాన్ని తెలిసి తెలిసి దాటడం. ఉప్పు వండకూడదన్న చోట ఉప్పు వండడం. తెలుగువాళ్లు వీటిని సహాయ నిరాకరణ, శాసనోల్లంఘన అన్నారు. ఒకదానికి నిరాకరణ, ఇంకోదానికి ఉల్లంఘన. రెండిటినీ ‘అ’తో తేల్చేసి అసహకారం, అవిధేయత అని ఉంటే ఆ రెండు ఉద్యమాల మధ్య తేడా పేర్లలోనే చెరిగిపోయేది.

అన్, డిస్ తారుమారైతే ఎంత అవమానం జరుగుతుందో ఇంకోచోట చూడొచ్చు. భవన నిర్మాణ కూలీలు, వ్యవసాయ కూలీలు, ఇళ్లలో పనిచేసేవాళ్లు, వీళ్లందరినీ కలిపి అసంఘటిత రంగ కార్మికులు అంటాం. 2008లో వీళ్ల సామాజిక భద్రత కోసం చట్టం వచ్చింది, 2021లో ఈ-శ్రమ్ పోర్టల్ వచ్చింది. ఇంగ్లీషులో వాళ్లు ‘అన్‌ఆర్గనైజ్డ్’ వర్కర్స్. సంఘటిత రంగ ఉద్యోగులకున్న రక్షణలు వీళ్లకి లేవని అర్థం. దాన్ని ‘డిసార్గనైజ్డ్’ అని రాసేవాళ్లు కనబడుతుంటారు. డిసార్గనైజ్డ్ అంటే గందరగోళం మనిషి, పని మీద పద్ధతి లేనివాడు. ఎండలో పది గంటలు ఇటుకలు మోసే మనిషికి ఆ మాట అంటగట్టకూడదు.

కోర్టులో ‘డిసింట్రెస్టెడ్ విట్‌నెస్’ అన్నా అదే గోల. సాక్షికి ఆసక్తి లేదని కాదు. ఆ కేసులో ఎవరు గెలిచినా ఓడినా తనకు ఒరిగేదేమీ లేని తటస్థ సాక్షి. అలాంటి సాక్ష్యానికి విలువ ఎక్కువ. ఆసక్తి లేకపోతే ‘అనింట్రెస్టెడ్’.

‘నాన్’ వీటన్నిటిలో చల్లటిది. తిట్టదు, తక్కువ చేయదు, గీత గీసి అవతలివైపు అంటుంది అంతే. నాన్ వెజ్, నాన్ లోకల్, నాన్ టీచింగ్ స్టాఫ్. దీనికి తెలుగులో చక్కని సమానం ‘ఇతర’. బోధనేతర సిబ్బంది, మానవేతర జీవులు, ప్రభుత్వేతర సంస్థలు. 1983లో ఆంధ్రప్రదేశ్‌లో ఏర్పడిన తొలి కాంగ్రెసేతర ప్రభుత్వాన్ని ఇంగ్లీషు పత్రికలు నాన్ కాంగ్రెస్ అనే రాశాయి. యాంటీ కాంగ్రెస్ అంటే కాంగ్రెస్ వ్యతిరేక. కాంగ్రెస్ కానిదీ, కాంగ్రెస్‌కి వ్యతిరేకమైనదీ ఒకటి కానక్కర్లేదు. ‘నాన్ హ్యూమన్’ అంటే మనిషి కానిది, ఆవు, చెట్టు, కంప్యూటర్. ‘ఇన్‌హ్యూమన్’ అంటే మనిషై ఉండి మనిషిలా ప్రవర్తించకపోవడం, క్రూరత్వం. తెలుగులో మానవేతరం, అమానుషం మధ్య ఉన్న దూరమే ఇది.

అందరికీ తెలిసినట్టే ఉండి చాలామంది తప్పుగా అర్థం చేసుకునేది ‘నాన్ బెయిలబుల్’. బెయిలే రాని నేరం అనుకుంటారు. అసలు సంగతి వేరు. బెయిలబుల్ నేరంలో బెయిలు నిందితుడి హక్కు. నాన్ బెయిలబుల్ నేరంలో అది హక్కు కాదు, ఇవ్వాలా వద్దా అన్నది కోర్టు విచక్షణ. ఇక్కడ ‘నాన్’ కొట్టేసింది హక్కును, అవకాశాన్ని కాదు. ఇంట్లో ఎవరి మీదైనా కేసు పడినప్పుడు ఈ ఒక్క ముక్క తెలియక జనం పడే భయం తక్కువేమీ కాదు.

‘మిస్’ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. అది లేదనదు, జరిగింది కానీ తప్పుగా జరిగిందంటుంది. మన అప, దుర్ చేసే పని. మిసండర్‌స్టాండింగ్ అంటే అర్థం కాకపోవడం కాదు, అపార్థం. అన్‌యూజ్డ్, డిస్‌యూజ్డ్, మిస్‌యూజ్డ్ మూడూ పక్కపక్కన పెడితే చాలు. మొదటిది ఇంకా వాడనిది, రెండోది వాడి మానేసినది, మూడోది దుర్వినియోగమైనది. ఇక ‘డీ’ అంటే ఉన్నదాన్ని లేకుండా చేయడం. 2016 నవంబర్ 8 రాత్రి తరవాత డీమానిటైజేషన్ అర్థం ఎవరికీ విడమరచి చెప్పాల్సిన పని లేకుండా పోయింది. తెలుగులో రద్దు అన్న రెండక్షరాలు సరిపోయాయి.

వ్యతిరేకంలా కనబడి మోసం చేసే మాటలూ ఉన్నాయి. హైవే మీద పెట్రోల్ ట్యాంకర్ వెనక ‘హైలీ ఇన్‌ఫ్లేమబుల్’ అని ఎర్రగా రాసి ఉంటుంది. ఇక్కడి ‘ఇన్’ కాదనే ఇన్ కాదు. లాటిన్‌లోనే ఇంకో ‘ఇన్’ ఉంది, లోపలికి, మీదికి అని దాని అర్థం. నిప్పు అంటుకునేది అని ఆ మాటకు అర్థం. నిప్పు అంటుకోనిది అని పొరబడితే ప్రాణాలకే ముప్పు. అందుకే 1920లలో అమెరికాలో అగ్నిప్రమాదాల నివారణకు పనిచేసే జాతీయ సంఘం ‘ఫ్లేమబుల్’ అనే వాడమని కోరింది. ఇప్పుడు రెండూ వాడుకలో ఉన్నాయి, రెండిటికీ అర్థం ఒకటే. అంటుకోనిది ‘నాన్ ఫ్లేమబుల్’. ఇలాంటి హెచ్చరిక బోర్డుల మీద పక్కనే తెలుగులో ‘నిప్పు అంటుకుంటుంది, జాగ్రత్త’ అని రాయడం తప్పనిసరి చేయాలి.

‘ఇన్వాల్యుబుల్’ అలాంటిది కాదు, దానిలో ఉన్నది నిజంగా కాదనే ఇన్. కానీ కొట్టేస్తున్నది విలువను కాదు, విలువ కట్టడాన్ని. విలువ కట్టలేనిది. మన ‘అమూల్యం’ అచ్చంగా అదే. ‘మీ అమూల్యమైన ఓటు’ అంటే విలువ లేని ఓటు అని ఏ తెలుగు ఓటరూ అనుకోడు. ఆ ఒక్క పోలిక చెబితే ఇన్వాల్యుబుల్‌ని మళ్లీ జన్మలో మరచిపోరు.

తెలుగు సొంత మాటలు మాత్రం కాదనడాన్ని వెనక పెట్టుకుంటాయి. మరపురాని, భరించలేని, కనబడని, పనికిరాని. ఇంగ్లీషు మొదట్లోనే కాదని మొదలుపెడుతుంది, తెలుగు చివరిదాకా ఆగి చెబుతుంది. రాజ్యాంగంలోని ఆర్టికల్ 17 రద్దు చేసిన ‘అన్‌టచబిలిటీ’ని ముక్కలు చేస్తే అన్, టచ్, ఏబుల్, ఇటీ. తెలుగులో అంటు, రాని, తనం. అంటరానితనం అన్నది ఎవరో పుస్తకంలో కూర్చిన మాట కాదు, ఊరి చివర బతికినవాళ్లు తరతరాలు మోసిన మాట.

కొన్ని మాటల్లో కాదన్న సంగతే మరచిపోయాం. ‘ఇన్‌ఫంట్’కి లాటిన్‌లో మాటలు రానిది అని అర్థం. ‘యాటమ్’ అంటే గ్రీకులో కోయడానికి వీలుకానిది. మనకు ‘నీరసం’ అంటే నిర్, రసం. ఒంట్లో రసం లేదని. ‘అసహ్యం’ అంటే సహించలేనిది. వీటిలో అన్నిటికన్నా చిత్రమైనది ‘ఆరోగ్యం’. అది రోగం లేని స్థితి, ‘అరోగ’ నుంచి వచ్చింది. దానికి మళ్లీ ‘అన్’ తగిలించి ‘అనారోగ్యం’ అంటున్నాం. రోగం లేకపోవడం లేకపోవడం! ఇంగ్లీషు ‘డిసీజ్’లోనూ డిస్ ఉంది, ఈజ్ అంటే సుఖం, అది పోవడమే జబ్బు. వాళ్లు సుఖం నుంచి మొదలుపెట్టి జబ్బుకు పేరు పెట్టుకున్నారు, మనవాళ్లు రోగం నుంచి మొదలుపెట్టి సుఖానికి పేరు పెట్టుకున్నారు.

ఇంగ్లీషు ‘అన్’ మామూలుగా మంచి గుణాల మీదే వాలుతుంది. అన్‌హ్యాపీ అంటారు, అన్‌శాడ్ అనరు. అన్‌హెల్దీ ఉంది, అన్‌సిక్ లేదు. మరి చెడును కాస్త మెత్తగా కాదనాలంటే ఏం చేస్తారు? ‘నాట్ బ్యాడ్’ అంటారు. లేదా రెండు కాదులు పక్కపక్కన పెడతారు. ‘నాట్ అన్‌కామన్’, ‘నాట్ అన్‌లైక్లీ’. కోర్టు తీర్పుల్లో, సంపాదకీయాల్లో ఇవి తరచూ కనబడతాయి. రెండు కాదులు కలిస్తే అవును అని లెక్కల మాస్టారు చెప్పినట్టు ఇక్కడ చెల్లదు. అది అవునుకు ఒక మెట్టు కిందే ఆగుతుంది. ‘నాట్ అన్‌లైక్లీ’ని ‘అవకాశం ఉంది’ అని అనువదిస్తే రాసినవాడు వేయని అడుగు మనం వేసినట్టు. వాయుగుండం కబుర్లు రాసే విలేఖరులకి సరైన మాట ఎప్పటినుంచో తెలుసు: భారీ వర్షాలు పడే అవకాశం లేకపోలేదు.